సముద్రం వెనక్కి జరిగిన చోట: ఫిన్లాండ్‌లో అమ్మానాన్నలతో ఒక వేసవి

గత వేసవిలో అమ్మ, నాన్నగారు కాకినాడ నుంచి వచ్చి ఎస్పోలో మా ఇంట్లో పది వారాలు ఉన్నారు. నేను ఫిన్లాండ్‌కు వచ్చి తొమ్మిదేళ్లవుతున్నా, ఇక్కడి ప్రపంచ వారసత్వ స్థలాలను తీరికగా చూడడం వాళ్లు వచ్చాకే కుదిరింది. మేము బయలుదేరేనాటికి యునెస్కో జాబితాలో ఈ దేశానికి సంబంధించిన స్థలాలు ఏడున్నాయి. వాటిలో ఆరు మనుషులు కట్టినవో, కొలిచినవో. క్వార్కెన్ ద్వీపసమూహం ఒక్కటే ప్రకృతి వారసత్వం. అయితే ఆ ఒక్కదాన్నీ అర్థం చేసుకున్నాకే మిగిలినవాటిలో కొన్నింటికి అసలు అర్థం తెలుస్తుందని నాకు ఈ ప్రయాణంలో బోధపడింది. అలా బోధపడడానికి నాన్నగారే కారణం. ఆయన రెవెన్యూ శాఖలో సర్వేయరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఎక్కడికి వెళ్లినా ముందు నేలను చూస్తారు, ఆ తరువాతే దాని మీది కట్టడాన్ని చూస్తారు.

మొదట సువోమెన్‌లిన్న కోటకు వెళ్లాం. హెల్సింకి రేవు పక్కనున్న మార్కెట్ కూడలి దగ్గర పడవ ఎక్కితే పావుగంటలో కోటలో దిగవచ్చు. ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగంగా ఉన్న కాలంలో, తూర్పు నుంచి రష్యా దాడి చేస్తుందన్న భయంతో 1748లో ఆగస్టిన్ ఎరెన్‌స్వార్డ్ అనే సైనికాధికారి ఆధ్వర్యంలో ఈ కోట నిర్మాణం మొదలైంది. సముద్రంలో విడివిడిగా ఉన్న దీవుల శిలలనే పునాదిగా చేసుకొని, వాటి వంపులను అనుసరించి గోడలు కట్టడం వల్ల, ఏ గోడ ఎక్కడ ఆగి శిల ఎక్కడ మొదలవుతుందో కొన్నిచోట్ల చెప్పడం కష్టం. రాజద్వారం దగ్గర ఒక రాతిఫలకం మీద ఎరెన్‌స్వార్డ్ చెక్కించిన స్వీడిష్ వాక్యం ఉంది. రాబోయే తరాలవారు తమ సొంత నేల మీద నిలబడాలనీ, పరాయి సాయాన్ని నమ్ముకోవద్దనీ దాని భావం. నేను తెలుగులో చెప్పగానే నాన్నగారు మళ్లీ ఒకసారి చెప్పించుకొని తన చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

ఆ వాక్యం చదివిన తరువాత కోట చరిత్ర వింటే మనసుకు బాధ కలుగుతుంది. ఇంత బలమైన కోటను 1808 మే నెలలో దాని అధిపతి క్రోన్‌స్టెట్ రష్యన్లకు అప్పగించాడు. ఆయన అలా ఎందుకు చేశాడన్న చర్చ రెండు వందల ఏళ్లు దాటినా ఆగలేదు. మరుసటి ఏడాది ఫిన్లాండ్ మొత్తం రష్యా చక్రవర్తి పాలన కిందికి వెళ్లింది. క్రిమియా యుద్ధంలో, 1855 ఆగస్టులో, బ్రిటిష్, ఫ్రెంచి నౌకాదళాలు ఈ దీవుల మీద రెండు రోజుల పాటు గుళ్ల వర్షం కురిపించాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1918లో, కోటకు ఫిన్లాండ్ కోట అనే అర్థంలో సువోమెన్‌లిన్న అని పేరు పెట్టారు. అదే ఏడాది, అంతర్యుద్ధంలో ఓడిపోయిన పక్షంవారిని బంధించిన శిబిరం కూడా ఇక్కడే ఉండేది. ఈ సంగతిని కోటలోని సందర్శన ఫలకాలు దాచిపెట్టవు. ఇప్పుడు ఇక్కడ దాదాపు ఎనిమిది వందల మంది కాపురం ఉంటున్నారు. పిల్లల సైకిళ్లు ఫిరంగుల పక్కనే ఉంటాయి. రష్యన్ల కాలంలో కట్టిన చర్చి శిఖరం మీద దీపస్తంభం ఉంది. దాని వెలుగు వరుసగా నాలుగుసార్లు మెరుస్తుంది. మోర్స్ సంకేతలిపిలో అది హెల్సింకి పేరులోని మొదటి అక్షరం.

కోట అంచున ఒక శిల మీద కూర్చున్నప్పుడు నాన్నగారు ఒక మాట అన్నారు. "ఈ రాయిని చూడమ్మా, తిరగలి రాయిలా నున్నగా అరిగిపోయింది. ఇది అలల పని కాదు, ఏదో బరువైనది దీని మీద ఈడ్చుకుంటూ పోయింది." అది నిజం. వేల ఏళ్ల క్రితం ఈ దేశమంతా మంచు కింద ఉండేది. ఆ మంచు కదిలిన గీతలు దక్షిణ తీరపు శిలల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. మా ప్రయాణంలో మిగిలిన రోజులన్నీ ఆ మంచు గురించిన మాటలతోనే గడిచాయి.

హెల్సింకి నుంచి అద్దె కారులో పశ్చిమ తీరంలోని రౌమా పట్టణానికి వెళ్లాం. రౌమాకు పట్టణ హోదా 1442లో వచ్చింది. 1640లోనూ 1682లోనూ ఊరు తగలబడింది. కాలిన ప్రతిసారీ ఇళ్లను కొత్తగా కట్టుకున్నారు గాని వీధులను మాత్రం మార్చలేదు. అందుకే పాత రౌమాలో నడుస్తున్నప్పుడు కాళ్ల కింద మధ్యయుగపు ఊరు, కళ్ల ముందు పద్దెనిమిదో, పంతొమ్మిదో శతాబ్దాల చెక్క ఇళ్లు ఉంటాయి. దాదాపు ఆరు వందల చెక్క కట్టడాలున్న ఈ పేట ఒక ప్రదర్శనశాల కాదు, మనుషులు కాపురమున్న చోటు. వీధిలో ఎవరు వస్తున్నారో లోపల కూర్చునే చూడడానికి కిటికీల బయట చిన్న అద్దాలు బిగించుకున్నారు. అమ్మకు వాటికన్నా లేసు దుకాణాలు నచ్చాయి. రౌమా లేసును చిన్న చెక్క కడ్డీలకు దారం చుట్టి, దిండు మీద గుచ్చిన సూదుల చుట్టూ తిప్పుతూ అల్లుతారు. అమ్మ పుట్టిల్లు నరసాపురం దగ్గర కావడం వల్ల చిన్నతనం నుంచీ ఆమెకు కొక్కెం సూదితో అల్లే లేసు తెలుసు. ఆ దుకాణంలోని పెద్దావిడ, అమ్మ ఒకరి భాష ఒకరికి తెలియకుండానే అరగంట సేపు వేళ్లతో మాట్లాడుకున్నారు.

1890లలో దేశంలోకెల్లా పెద్ద తెరచాప ఓడల బలగం రౌమాదే. వీధుల ముఖభాగాలలో కనిపించే చెక్క నగిషీలలో చాలావరకు ఆ ఓడల సంపాదనతో చేయించుకున్నవే. అంతటి ఓడల ఊరి పాత పేటలో నిలబడితే సముద్రం కనిపించదు. "రేవు ఏదమ్మా?" అని నాన్నగారు అడిగారు. రేవు పశ్చిమంగా జరిగిపోయిందనీ, సముద్రం తగ్గుతూ పోతుంటే పట్టణం దాని వెంట రేవును జరుపుకుంటూ పోయిందనీ చెప్పాను. ఆయన తృప్తి పడలేదు. సముద్రం తగ్గడమేమిటన్నారు. ఉప్పాడలో ఇళ్లు, వీధులు, చివరకు రోడ్డు కూడా సముద్రంలోకి పోవడం జీవితమంతా చూసిన మనిషికి అది నమ్మశక్యంగా అనిపించకపోవడం సహజమే.

మర్నాడు ఉదయం రౌమాకు తూర్పున అడవిలో ఉన్న సమ్మల్లాహ్‌దెన్‌మాకికి తీసుకువెళ్లాను. ఆ పేరు ఎంత పొడవైనదో అంత అర్థవంతమైనది. సమ్మల్ అంటే నాచు, లాహ్‌తి అంటే సముద్రపు ఖాతం, మాకి అంటే గుట్ట. అంటే నాచు ఖాతపు గుట్ట. కాని చుట్టూ పైన్ చెట్లూ బండలూ తప్ప ఖాతం ఎక్కడా లేదు. సముద్రం ఇప్పుడు అక్కడికి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. కంచుయుగంలో, క్రీస్తుపూర్వం 1500 నుంచి 500 మధ్య కాలంలో, ఇక్కడి జనం తమవారిని ఈ గుట్ట మీద పూడ్చి, పైన గ్రానైటు బండలు పేర్చారు. అలాంటి రాతిగుట్టలు ముప్పైకి పైగా ఉన్నాయి. వాటిలో ఒకటి 16 మీటర్ల వెడల్పు, 19 మీటర్ల పొడవుతో, పైభాగం చదునుగా, చతురస్రానికి దగ్గరగా ఉంటుంది. దానిని చర్చి నేల అని పిలుస్తారు. మరొకటి గోడలాగా 24 మీటర్ల పొడవున సాగిపోతుంది.

అక్కడ టికెట్టు లేదు, కాపలా లేదు, తినుబండారాల దుకాణం లేదు. ఒక కాలిబాట, కొన్ని ఫలకాలు, అంతే. మేమున్న గంటన్నరలో ఇంకెవరూ రాలేదు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఆ బండల మీద పెరిగిన బూడిదరంగు నాచును తొక్కితే మళ్లీ పెరగడానికి చాలా ఏళ్లు పడుతుంది కనుక, వెళ్లేవారు దయచేసి బాట దిగవద్దని మనవి. ఆ సమాధులను సముద్రం కనిపించేలా, సముద్రం మీద వచ్చేవారికి కూడా కనిపించేలా తీరంలోని ఎత్తైన చోటులో కట్టారని పురావస్తు పరిశోధకులు చెబుతారు. నాన్నగారు చర్చి నేల పక్కన చాలాసేపు నిలబడి, చివరకు పడమటి వైపు చెయ్యి చూపించి, "అయితే నీళ్లు అక్కడ ఉండేవి. వీళ్లు ఒడ్డున పెట్టుకున్నారు, ఒడ్డు వీళ్లను వదిలి వెళ్లిపోయింది" అన్నారు. అప్పుడు ఆయన నమ్మారు.

ఒడ్డు ఎందుకు వెళ్లిపోయిందో చెప్పేదే క్వార్కెన్. గత మంచుయుగంలో ఉత్తర ఐరోపా మీద దాదాపు మూడు కిలోమీటర్ల మందాన మంచు పేరుకొని ఉండేది. ఆ బరువుకు భూమి పైపొర వందల మీటర్ల లోతుకు కుంగిపోయింది. సుమారు పదివేల ఏళ్ల క్రితం మంచు కరిగి బరువు తొలగిపోయాక, కుంగిన నేల మళ్లీ పైకి లేవడం మొదలుపెట్టి, ఇప్పటికీ లేస్తూనే ఉంది. దూది పరుపు మీద రాత్రంతా పడుకొని లేచిన తరువాత ఆ గుంట మెల్లగా పూడినట్టు అని నేను అమ్మకు చెప్పాను. హెల్సింకి దగ్గర ఈ వేగం చాలా తక్కువ. వాసా పట్టణం ఎదురుగా, ఫిన్లాండ్‌కూ స్వీడన్‌కూ మధ్య సముద్రం సన్నబడే క్వార్కెన్ దగ్గర మాత్రం ఏడాదికి దాదాపు 8 మిల్లీమీటర్లు. సముద్రానికి అవతల స్వీడన్ వైపున్న ఎత్తైన తీరం 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరగా, 2006లో క్వార్కెన్‌ను కూడా దానితో కలిపారు. అటువైపు నిటారు కొండలు, ఇటువైపు చదునైన నేల. రెంటినీ లేపుతున్నది ఒకటే శక్తి. స్వీడన్ వైపు పాతకాలపు తీరరేఖ ఒకటి ఇప్పుడు సముద్రమట్టానికి 285 మీటర్ల ఎత్తులో ఉంది.

నాన్నగారికి డెబ్బై ఒక్క ఏళ్లు. ఆయన పుట్టిన నాటి నుంచి లెక్క వేస్తే క్వార్కెన్ నేల అర మీటరు కన్నా ఎక్కువగా లేచింది. అక్కడి నేల పళ్లెంలా చదునుగా ఉండడం వల్ల, అర మీటరు ఎత్తు పెరిగితే ఒడ్డు వందల మీటర్లు ముందుకు జరుగుతుంది. ఏటా దాదాపు వంద హెక్టార్ల కొత్త నేల తేలుతుందని ఫలకం మీద చదివి చెప్పగానే, "రెండు వందల యాభై ఎకరాలా! పట్టా ఎవరి పేరున ఇస్తారు?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. గోదావరి లంకల్లో కొలతలు వేసిన మనిషి ఇంకేమి అడుగుతారు? వరదకు ఒక లంక కొట్టుకుపోయి, మరో చోట మేట వేస్తే, ఆ మేట మీద హక్కు ఎవరిదన్న తగాదాల మధ్య ఆయన ఉద్యోగంలో సగం గడిచింది. ఇక్కడి చట్టం ప్రకారం కొత్తగా తేలిన నేల పక్కనున్న భూమి యజమానికి దానంతట అదే రాదు. అది ఆ నీటి భాగం ఎవరిదో వారికే చెందుతుంది. చాలాచోట్ల నీటి భాగం ఊరి భాగస్వాములందరి ఉమ్మడి ఆస్తి. తన ఇంటి ముందు తేలిన నేల కావాలనుకున్న యజమాని, సర్వే జరిపించి, వెల కట్టి కొనుక్కోవాలి. ఈ ఏర్పాటు ఆయనకు ఎంతో న్యాయంగా అనిపించింది. "మన దగ్గర పోరంబోకు అని రాసేవాళ్లం. వీళ్లు ఊరిది అని రాస్తున్నారు" అన్నారు.

వాసా పట్టణం చరిత్ర కూడా ఈ నేలతో ముడిపడినదే. 1606లో స్థాపించిన ఆ పట్టణం రేవు క్రమంగా లోతు తగ్గిపోతుండగా, 1852 ఆగస్టులో జరిగిన అగ్నిప్రమాదంలో ఊరు దాదాపు పూర్తిగా కాలిపోయింది. దానిని అక్కడే కట్టకుండా, ఏడు కిలోమీటర్ల అవతల సముద్రపు ఒడ్డున కొత్తగా కట్టుకున్నారు. పాత వాసాలో చర్చి శిథిలాలు మిగిలాయి. మంటలకు తట్టుకొని నిలిచిన అప్పీలు కోర్టు భవనమే ఇప్పుడు అక్కడి చర్చి.

వాసా నుంచి 1,045 మీటర్ల పొడవైన రెప్లోట్ వంతెన దాటి, బ్యోర్కో దీవి చివరనున్న స్వెడ్యెహామ్న్ రేవుకు వెళ్లాం. ఈ వైపు ఊళ్లలో స్వీడిష్ మాట్లాడతారు. ఎర్ర రంగు వేసిన పడవల కొట్టాలు వరుసగా ఒడ్డున నిలబడి ఉంటాయి. ఊరికి ఇది మొదటి రేవు కాదు. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్ల కాలిబాట ఒక మంచినీటి చెరువు చుట్టూ తిరుగుతుంది. ఆ చెరువు ఒకప్పుడు సముద్రపు ఖాతం. దాని నోరు మూసుకుపోయి ఉప్పు పోయింది. పాత రేవు దాని ఒడ్డునే ఉండేది. పడవ రాని చోటైనా, పడవల కొట్టాల పునాది రాళ్లు మాత్రం అడవిలో మిగిలాయి. నీటి నుంచి అడవి లోపలికి నడుస్తుంటే నేల వయసు మొక్కల్లో కనిపిస్తుంది. ముందు గడ్డి, ఆ వెనుక నారింజరంగు పుల్లని పండ్లు కాసే ముళ్ల పొదలు, ఆల్డర్ చెట్లు, ఇంకా లోపల బిర్చ్, చివరకు స్ప్రూస్ అడవి.

సాల్ట్‌కారెట్ అనే చెక్క బురుజు ఎక్కితే మరో వింత కనిపిస్తుంది. నీటిలో సన్నని, పొడవైన రాతి కట్టలు ఒకదాని పక్కన ఒకటి, నాగటి చాళ్లలాగా, దాదాపు సమాన దూరంలో బారులు తీరి ఉంటాయి. మంచు వెనక్కి తగ్గుతూ తన అంచున నీటి అడుగున వదిలిన రాళ్లూ మట్టీ అవి. స్వీడన్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త డి గేర్ పేరుతో వాటిని పిలుస్తారు. ఇలాంటి చాళ్లతో, 5,600 దీవులతో ఉన్న ఈ ప్రాంతంలో నేల పదిహేను శాతమే, మిగిలినది నీరు. నేల ఇలాగే లేస్తూ పోతే రెండు వేల ఏళ్లు దాటాక ఇక్కడ ఒడ్డూ ఒడ్డూ కలిసి, ఉత్తరాన ఉన్న సముద్ర భాగం ఒక సరస్సుగా మిగులుతుందని శాస్త్రవేత్తల అంచనా.

సముద్రం తగ్గుతోందా, నేల లేస్తోందా అన్న ప్రశ్న మీద పద్దెనిమిదో శతాబ్దంలో పెద్ద వివాదమే నడిచింది. ఉష్ణమానం కొలతకు పేరు ఇచ్చిన ఆండర్స్ సెల్సియస్ 1731లో స్వీడన్ తీరంలో ఒక బండ మీద నీటిమట్టం దగ్గర గీత చెక్కించాడు. నీరే తగ్గుతోందని ఆయన అభిప్రాయం. ఆ వాదాన్ని తుర్కు బిషప్పు బ్రోవాలియస్ గట్టిగా ఖండించాడు. నీరు కాదు, నేలే కదులుతున్నదని 1765లో సూచించినవాడు ఇ. ఓ. రూనెబెర్గ్, ఆయన ఫిన్లాండ్‌లో భూముల సర్వే చేసిన అధికారి. మంచు బరువే దీనికి కారణమన్న ఆలోచన స్కాట్లాండ్‌కు చెందిన జేమీసన్ ద్వారా 1865లో గాని రాలేదు. పండితులు నీటిని చూస్తుండగా ఒక సర్వేయరు నేలను చూశాడని తెలిసినప్పుడు నాన్నగారి ముఖంలో కనిపించిన ఆనందాన్ని నేను మరచిపోలేను.

స్వెడ్యెహామ్న్‌లో ఆయన ఒక రేవు రాయి పక్కన కూర్చొని, నీటి నుంచి దాని అంచు వరకు జానతో కొలిచారు. ఒక జాన నాలుగు వేళ్లు. పుస్తకంలో రాయబోయి ఆగిపోయారు. "గాలి ఇటు కొడితే నీళ్లు ఎక్కుతాయి, అటు కొడితే తగ్గుతాయి కదా. ఒక్క రోజు కొలత చెల్లదమ్మా." ఆయన చెప్పింది సరైన మాట. బాల్టిక్‌లో ఆటుపోట్లు దాదాపు లేకపోయినా, గాలినీ వాతావరణ పీడనాన్నీ బట్టి నీటిమట్టం ఏడాదికి లేచే 8 మిల్లీమీటర్లకన్నా ఎన్నో రెట్లు మారుతుంది. సెల్సియస్ గీత విలువ తెలియడానికి దశాబ్దాలు పట్టడానికి ఇదే కారణం.

తిరుగు దారిలో యువాస్కులా ప్రాంతానికి వెళ్లాం. అక్కడి పెటాయవెసి చెక్క చర్చిని 1763 నుంచి 1765 వరకు యాకో లెప్పానెన్ అనే గ్రామీణ వడ్రంగి కట్టాడు. దాని గంట బురుజును 1821లో ఆయన మనవడు ఎర్కి కట్టాడు. పైన్ దుంగల గోడలు, తలపైన చెక్క పలకలతో వంచిన కప్పు, గొడ్డలి దెబ్బలు ఇంకా కనిపించే స్తంభాలు. 1879లో ఊరివారు కొత్త చర్చి కట్టుకొని దీనిని వదిలేశారు. ఎవరూ పట్టించుకోకపోవడం వల్లే దీనికి ఆధునిక మార్పులేవీ జరగలేదు. లోపల తారు, పాత కలప కలిసిన వాసన. వేసవిలోనే తెరుస్తారు కనుక తేదీలు చూసుకొని వెళ్లాలి. ఆగ్నేయాన ఉన్న వెర్లా అట్టల కర్మాగారానికి మరో వారాంతంలో వెళ్లివచ్చాం. 1964లో యంత్రాలు ఆగిపోయినప్పుడు ఉన్నది ఉన్నట్టే ఉంచారు. నదికి ఆవలి బండ మీద ఎల్క్ దుప్పుల ప్రాచీన చిత్రాలున్నాయి. దానికి ఒక పూట సరిపోతుంది.

నాన్నగారికి నేను దాచిపెట్టిన చోటు ఒరావివువోరి. యువాస్కులాకు దక్షిణాన కొర్పిలాహ్‌తి దగ్గరి ఈ కొండ స్ట్రూవే చాపంలోని ఒక బిందువు. ఫ్రెడ్రిక్ స్ట్రూవే అనే ఖగోళ శాస్త్రవేత్త 1816 నుంచి 1855 వరకు, నార్వేలోని హామర్‌ఫెస్ట్ నుంచి నల్లసముద్రం వరకు 2,820 కిలోమీటర్ల పొడవున, 258 ముఖ్య త్రిభుజాలతో భూమి ఆకారాన్ని కొలిపించాడు. ఆ బిందువుల్లో 34 చోట్లు పది దేశాల ఉమ్మడి వారసత్వంగా 2005లో జాబితాలో చేరాయి. ఫిన్లాండ్‌లో ఉన్నవి ఆరు. కొండ మీద శిలపై ఉన్న గుర్తు పక్కన మోకాళ్లూనుకొని నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అమ్మకు గుత్తి గురించి చెప్పడం మొదలుపెట్టారు. స్ట్రూవే పని మొదలు కావడానికి ముందే, 1802లో, మద్రాసులో లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మన దేశాన్ని ఇలాగే త్రిభుజాలతో కొలవడం ప్రారంభించాడనీ, 1811లో గుత్తి దగ్గర, ఆ లెక్కకు పునాదిగా నేల మీద కొలిచే ఆధారరేఖను కొలిచాడనీ, అక్కడి నుంచి ఆ త్రిభుజాలు ఉత్తరానికి సాగాయనీ చెప్పారు. బురుజు ఎక్కి చుట్టూ ఉన్న సరస్సులను, అడవులను చూస్తూ, "ఇంత అడవిలో ఎదుటి కొండ మీది గుర్తు కనిపించాలంటే ఎన్ని చెట్లు కొట్టి ఉంటారో" అని అమ్మ అన్నది. అది సర్వే పనిలో అసలైన కష్టమని ఆయన ఒప్పుకున్నారు.

స్ట్రూవే చాపంలోని ఆ ఆరింటిలో ఉత్తరాన ఉన్న ఆవసాక్సా కొండ, టోర్నియో దగ్గరి అలటోర్నియో చర్చి మాకు చూడకుండా మిగిలిపోయాయి. స్ట్రూవేకు ముందే, 1736లో, మోపెర్త్యుయి నాయకత్వంలోని ఫ్రెంచి బృందం ఆవసాక్సా మీద నుంచి కొలతలు తీసుకుంది. ఆ బృందంలో సెల్సియస్ కూడా ఉన్నాడు. జూన్‌లో అక్కడ అర్ధరాత్రి సూర్యుడు కనిపిస్తాడు. వచ్చే వేసవికి నాన్నగారి వీసా దరఖాస్తు పెట్టాం. ఈసారి టేపు తానే తెస్తానన్నారు.